డేటా అనాలిసిస్‌ని మళ్లీ రన్ చేసినా అదే జవాబు రావాలంటే: ఏ టూల్ ఎవరికి సరిపోతుంది

పోయినేడు వేసిన గ్రాఫ్‌ని ఇవాళ మళ్లీ వేయమంటే మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. కోడ్ అసలు రన్ కాదు. లేదా రన్ అవుతుంది గానీ అంకెలు మారిపోతాయి. లేదా ఏ ఫైల్ ముందు, ఏది వెనక అన్నది ఎవరికీ గుర్తుండదు. మూడూ వేర్వేరు సమస్యలు. టూల్ ఎంచుకోవడంలో చాలామంది పొరబడేది ఇక్కడే: ఇంట్లో ఉన్నది మూడో సమస్య, నేర్చుకోవడం మొదలుపెట్టేది మొదటి సమస్యకి పనికొచ్చే డాకర్ (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సిన లైబ్రరీలన్నిటితో కలిపి ఇమేజ్ అనే ఒకే కట్టగా కట్టే టూల్). నెల తిరిగేసరికి ఇమేజ్ చక్కగా బిల్డ్ అవుతుంది. లోపల మాత్రం ఏ నోట్‌బుక్ (కోడ్, దాని ఫలితం పక్కపక్కనే ఉండే ఫైల్) తర్వాత ఏది రన్ చేయాలో ఎక్కడా రాసి ఉండదు.

అందుకే టూల్ పేర్లలోకి వెళ్లే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: దీన్ని మళ్లీ రన్ చేసేది ఎవరు, ఏ మెషీన్ మీద, ఎన్నాళ్ల తర్వాత? మీరే, ఇదే ల్యాప్‌టాప్‌లో, మూడు నెలల తర్వాత అయితే కావాల్సింది చాలా తక్కువ. పక్క సీటులోని సహోద్యోగి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద రన్ చేయాలంటే ఇంకొంచెం ఎక్కువ. పేపర్ చదివిన అపరిచితుడు అయిదేళ్ల తర్వాత రన్ చేయాలంటే లెక్కే వేరు. దూరం పెరిగినకొద్దీ పొరలు పెరుగుతాయి, కానీ కింది పొర లేకుండా పై పొర వేస్తే దండగ.

ముందు ఒక పరీక్ష

ప్రాజెక్ట్‌ని గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) నుంచి కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేయండి, అంటే కాపీ తీయండి. ముడి డేటాని మాత్రమే పక్కన పెట్టండి. మధ్యలో పుట్టిన ఫైళ్లు ఏవీ వద్దు. ఖాళీ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలేవీ వేయని విడి చోటు) ఒకటి తెరిచి, రీడ్‌మీలో (ప్రాజెక్ట్‌ని ఎలా నడపాలో చెప్పే ఫైల్‌లో) రాసిన కమాండ్లు మాత్రమే వాడుతూ చివరి టేబుల్ దాకా వెళ్లండి. రీడ్‌మీలో లేనిది బుర్రలోంచి తీసి టైప్ చేయకూడదు, అదొక్కటే నియమం. ఎక్కడ ఆగిపోయారో మీ ఎంపిక అక్కడి నుంచి మొదలవుతుంది.

పాత్‌లో (ఫైల్ ఉన్న చోటు చిరునామాలో) మీ యూజర్ పేరు ఉండి ఆగిందా? దానికి ఏ టూలూ అక్కర్లేదు. పాత్‌లన్నీ ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచి మొదలయ్యేలా మార్చండి; ఆర్ అనే గణాంకాల భాషలో హియర్ ప్యాకేజీ, పైథాన్‌లో పాత్‌లిబ్ చాలు. ప్యాకేజీ దొరకలేదని ఆగితే లాక్ ఫైల్ (ప్రతి ప్యాకేజీ కచ్చితమైన వెర్షన్ రాసి ఉండేది) కావాలి. ప్యాకేజీ ఉన్నా దాని కింద ఉండే సీ లైబ్రరీ లేదని ఆగితే (మ్యాపుల డేటా చదివే జీడాల్‌తో ఇది మామూలే) అలాంటి లైబ్రరీల్ని కూడా తెచ్చిపెట్టే కాండా గానీ, డాకర్ ఇమేజ్ లాంటిదాని నుంచి నడిచే కంటైనర్ గానీ కావాలి.

అన్నిటికన్నా ఎక్కువగా బయటపడేది ఇంకొకటుంది. 'క్లీన్డ్ ఫైనల్ 2' లాంటి పేరున్న ఎక్సెల్ ఫైల్, ఏ స్క్రిప్టూ తయారు చేయనిది. ఎవరో కూర్చుని చేత్తో కొన్ని గడులు దిద్దారు. దీన్ని ఏ కంటైనరూ కాపాడలేదు. చేతి దిద్దుబాట్లు తప్పనిసరైతే వాటినే ఒక సీఎస్‌వీగా పెట్టండి: వరుస ఐడీ, కాలమ్ పేరు, పాత విలువ, కొత్త విలువ, కారణం, తేదీ. ఒక చిన్న స్క్రిప్ట్ ముడి డేటాని చదివి ఈ దిద్దుబాట్లు వేస్తుంది. 'పాత విలువ' కాలమ్ అలంకారానికి కాదు. ముడి డేటాలోని విలువ దానితో సరిపోలకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి. అప్పుడు ఎవరైనా ముడి ఫైల్‌ని కొత్త వెర్షన్‌తో మార్చేసినా, పాత దిద్దుబాటు తప్పు వరుస మీద గుట్టుగా పడిపోదు.

నోట్‌బుక్కా, స్క్రిప్టా

2019లో వెలువడిన ఒక అధ్యయనం గిట్‌హబ్‌లోని దాదాపు 14 లక్షల జూపిటర్ నోట్‌బుక్‌లను పరిశీలించింది. రన్ చేసి చూసిన వాటిలో ఎర్రర్ లేకుండా చివరిదాకా వెళ్లినవి సుమారు 24 శాతం. అదే ఫలితం ఇచ్చినవి 4 శాతమే. నోట్‌బుక్ చెడ్డదని దీనర్థం కాదు. సెల్స్‌ని (విడివిడి కోడ్ ముక్కల్ని) ఏ వరుసలోనైనా రన్ చేయనిస్తుంది, తీసేసిన సెల్‌లోని వేరియబుల్‌ని మెమరీలో ఉంచుకుంటుంది. డేటాని తడిమి చూసేటప్పుడు అదే సుఖం, మళ్లీ రన్ చేసేటప్పుడు అదే కష్టం.

కాబట్టి పని విడదీయండి. చూడటానికి నోట్‌బుక్, తయారు చేయడానికి స్క్రిప్ట్. డేటా శుభ్రం చేయడం, మోడల్ నడపడం స్క్రిప్టుల్లో ఉండాలి. ఆ ఫలితాల్ని చదివి బొమ్మలు, వివరణ చూపించేది నోట్‌బుక్ కావచ్చు. నోట్‌బుక్‌లోనే ఉండాలనుకుంటే రెండు జాగ్రత్తలు చాలు: కమిట్ చేసే (గిట్‌లో నమోదు చేసే) ముందు కెర్నల్‌ని, అంటే కోడ్‌ని నడిపే ప్రాసెస్‌ని, రీస్టార్ట్ చేసి అన్ని సెల్స్ వరుసగా రన్ చేయడం, జూపీటెక్స్ట్‌తో దాన్ని మామూలు పైథాన్ ఫైల్‌గా జత చేసి ఉంచడం. రెండోది లేకపోతే గిట్‌లో తేడా చూస్తే బొమ్మల్ని అక్షరాలుగా మార్చిన బేస్64 చెత్తే కనిపిస్తుంది, మారిన కోడ్ వరుస కనిపించదు. మారిమో అనే నోట్‌బుక్ సెల్స్ మధ్య ఆధారాల్ని తానే గుర్తించి, పై సెల్ మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ రన్ చేస్తుంది, ఫైల్‌ని కూడా పైథాన్ ఫైల్‌గానే దాస్తుంది. కొత్త ప్రాజెక్ట్ అయితే ప్రయత్నించదగ్గదే. ఒకటే ఇబ్బంది, ఒకే వేరియబుల్ పేరుని రెండు సెల్స్‌లో నిర్వచించనివ్వదు. జూపిటర్ అలవాటున్నవాళ్లకి మొదట విసుగు పుడుతుంది.

ఆర్ వాడేవాళ్లకి కోడ్ నుంచి రిపోర్ట్ తయారు చేసే క్వార్టో ఉంది. రెండర్ నొక్కిన ప్రతిసారీ కొత్త సెషన్‌లో పైనుంచి కిందిదాకా రన్ అవుతుంది కాబట్టి సెల్స్ వరుస గొడవ లేదు. అయితే నిట్టర్ క్యాష్‌ని (పాత ఫలితాల్ని దాచి మళ్లీ వాడుకునే ఏర్పాటుని) ఆన్ చేసేటప్పుడు జాగ్రత్త: ఆ చంక్ (కోడ్ ముక్క) గానీ దాని ఆప్షన్లు గానీ మారితేనే క్యాష్ మళ్లీ లెక్కిస్తుంది. అది చదివే సీఎస్‌వీ మారినా, దానికి పైనున్న చంక్ మారినా, మీరు విడిగా చెప్పకపోతే పట్టించుకోదు. పాత అంకెలు కొత్త రిపోర్ట్‌లోకి ఎక్కే రాజమార్గం ఇది. ఆర్‌స్టూడియోలో వర్క్‌స్పేస్‌ని దాచడం, తెరవగానే తిరిగి లోడ్ చేయడం, రెండు సెట్టింగులూ ఆపేయండి.

స్టెప్పుల్ని నడిపించేది ఏది

అయిదారు స్క్రిప్టులు, మొత్తం రన్ పది నిమిషాల్లోపు అయితే ఒకే ఒక షెల్ స్క్రిప్ట్ చాలు. ఫైల్ పేర్లకి ముందు 01, 02 అని అంకెలు పెట్టి, అన్నిటినీ వరుసగా పిలిచే 'రన్ ఆల్' ఒకటి రాయండి. మొదటి వరుసలో, ఎర్రర్ రాగానే ఆపేసే బ్యాష్ ఆప్షన్లు ఈ, యూ, పైప్‌ఫెయిల్ మూడూ పెట్టాలి. లేకపోతే రెండో స్టెప్ విఫలమైనా మూడోది నిన్నటి ఫైల్‌తో హాయిగా నడిచిపోతుంది, చివర్లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంత చిన్న పనికి నెక్స్ట్‌ఫ్లో లాంటి పెద్ద పైప్‌లైన్ టూల్ (స్టెప్పుల వరుసని నడిపేది) తెచ్చి పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఒక స్టెప్ గంటసేపు పడుతుంటే లెక్క మారుతుంది. ప్రతిసారీ మొదటి నుంచి రన్ చేయలేరు, ఏది మారిందో చూసి అంతవరకే రన్ చేసేది కావాలి. ఇక్కడ అసలు తేడా ఏ టూల్ 'మారింది' అని దేన్నిబట్టి తేలుస్తుందో అందులో ఉంది. ఫీచర్ల పట్టికల కన్నా ఈ ఒక్క విషయం చూసి ఎంచుకోవడం మేలు.

మేక్ అనే టూల్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, ఇప్పటికీ దాదాపు ప్రతి లినక్స్‌ మెషీన్‌లో దొరుకుతుంది. అది చూసేది ఫైల్ టైమ్‌స్టాంప్ ఒక్కటే: ఇన్‌పుట్ కన్నా అవుట్‌పుట్ పాతదైతే మళ్లీ తయారు చేస్తుంది. సులువు, పారదర్శకం. అందులోనే రెండు గుంతలున్నాయి. మొదటిది, గిట్ క్లోన్ చేసినప్పుడు ఫైళ్లన్నిటికీ ఆ క్షణపు టైమ్‌స్టాంపే పడుతుంది. మధ్యంతర ఫైళ్లు గిట్‌లో ఉంటే ఏది పాతదో మేక్‌కి తెలియదు. రెండోది ఇంకా ప్రమాదం. ఒక పైథాన్ స్క్రిప్ట్ రెండు లక్షల వరుసల సీఎస్‌వీ రాస్తూ లక్షన్నర దగ్గర మెమరీ చాలక చచ్చిపోయిందనుకోండి. మేక్ ఎర్రర్ చూపించి ఆగుతుంది, నిజమే. కానీ సగం రాసిన ఫైల్ డిస్క్ మీద ఉంది, దాని టైమ్‌స్టాంప్ కొత్తది. మళ్లీ మేక్ అంటే 'ఈ ఫైల్ తాజాగానే ఉంది' అని తర్వాతి స్టెప్‌కి వెళ్లిపోతుంది. యాభై వేల వరుసలు తక్కువగా ఉన్న టేబుల్‌తో మీ రిగ్రెషన్ నడుస్తుంది. మేక్‌ఫైల్‌లో 'డిలీట్ ఆన్ ఎర్రర్' అనే స్పెషల్ టార్గెట్ ఒక్క వరుస చేరిస్తే విఫలమైన స్టెప్ అవుట్‌పుట్‌ని తుడిచేస్తుంది. ఇది డిఫాల్ట్‌గా లేకపోవడం విచిత్రమే. ఇక స్పేసులకి బదులు ట్యాబ్ కొట్టాలన్న గొడవ ఎలాగూ ఉంది.

స్నేక్‌మేక్ మేక్ ఆలోచననే పైథాన్‌లోకి తెచ్చింది. 2012 నుంచి ఉంది. చివరికి ఏ ఫైల్ కావాలో చెబితే వెనక్కి వెళ్లి ఏవి రన్ చేయాలో లెక్క కడుతుంది. వందల శాంపిల్స్ ఉన్నప్పుడు వైల్డ్‌కార్డ్ (ఫైల్ పేర్లలో మారే భాగానికి గుర్తు) ఒక్కటి రాస్తే సరిపోతుంది. విఫలమైన రూల్ అవుట్‌పుట్‌ని తానే తీసేస్తుంది. టైమ్‌స్టాంపే కాక పారామీటర్లు, కోడ్, ఇన్‌పుట్ల జాబితా, సాఫ్ట్‌వేర్ ఎన్విరాన్‌మెంట్ మారినా మళ్లీ రన్ చేస్తుంది. అయితే 'కోడ్' అంటే ఏమిటో తెలుసుకోండి: స్క్రిప్ట్ డైరెక్టివ్ ద్వారా పిలిస్తే ఆ ఫైల్‌లోని మార్పు కనిపెడుతుంది, షెల్ డైరెక్టివ్‌లో పైథాన్ అని రాసి స్క్రిప్ట్ పేరు ఇస్తే ఆ వరుస మాత్రమే దానికి కనిపిస్తుంది, ఫైల్ లోపలి మార్పు కనిపించదు. అప్పుడు స్క్రిప్ట్ ఫైల్‌ని కూడా ఇన్‌పుట్‌లో చేర్చాలి. మీరు ఇంపోర్ట్ చేసే సొంత మాడ్యూళ్ల సంగతీ అంతే. ఎన్ ఆప్షన్‌తో ముందు డ్రై రన్ చేసి, ఏవి రన్ అవుతాయో చూసి, ఆ తర్వాతే అసలు రన్. పాత ట్యుటోరియళ్లు చూస్తున్నవాళ్లకి ఒక మాట: 8వ వెర్షన్‌లో క్లస్టర్ (కలిపి వాడుకునే సర్వర్ల గుంపు) మద్దతు ప్లగిన్లలోకి మారింది, పాత క్లస్టర్ ఆప్షన్ ఇప్పుడు అలా పనిచేయదు.

నెక్స్ట్‌ఫ్లో దీనికి ఎదురు దిక్కున ఆలోచిస్తుంది. ఫైల్ పేర్లు వెతుక్కోదు, డేటాని ఛానెళ్లలోంచి ముందుకు తోస్తుంది. ప్రతి టాస్క్‌కీ వర్క్ డైరెక్టరీలో హ్యాష్ (కంటెంట్ నుంచి లెక్కించిన వేలిముద్ర లాంటి కోడ్) పేరుతో ఒక సొంత ఫోల్డర్. ఇన్‌పుట్లు, స్క్రిప్ట్, కంటైనర్ కలిపి ఆ హ్యాష్ తయారవుతుంది. రెజ్యూమ్ అంటే హ్యాష్ సరిపోయిన టాస్కుల్ని వదిలేసి ముందుకెళ్తుంది. క్లౌడ్, క్లస్టర్, ల్యాప్‌టాప్ మధ్య పైప్‌లైన్‌ని మార్చకుండా తరలించాలంటే ఇదే బలమైనది. జీనోమిక్స్ (జన్యువుల డేటా) పని అయితే ఎన్‌ఎఫ్‌కోర్ సముదాయం నిర్వహించే పైప్‌లైన్లు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఖర్చు రెండు రకాలు: గ్రూవీ ఆధారిత భాష నేర్చుకోవాలి, వర్క్ డైరెక్టరీ డిస్క్‌ని మింగేస్తుంది. స్థలం కోసం దాన్ని తుడిచేస్తే రెజ్యూమ్ కూడా పోతుంది. షేర్డ్ ఫైల్ సిస్టమ్‌లో ఏమీ మార్చకపోయినా టాస్కులు మళ్లీ రన్ అవుతుంటే టైమ్‌స్టాంపులు నిలకడగా లేవని అర్థం. క్యాష్‌ని లీనియెంట్‌కి మార్చండి, పాత్, సైజు మాత్రమే చూస్తుంది.

పని మొత్తం ఆర్‌లోనే అయితే ఇవేవీ కాక టార్గెట్స్ ప్యాకేజీ తీసుకోండి. ఫైళ్లకి బదులు ఆర్ ఆబ్జెక్టుల మధ్య ఆధారాల్ని చూస్తుంది, మీ ఫంక్షన్ లోపల ఒక వరుస మారినా పసిగడుతుంది, ఒక్కో టార్గెట్‌కి దాని పేరు నుంచి విడి సీడ్ (ర్యాండమ్ అంకెల వరుసని మొదలుపెట్టే అంకె) తయారు చేస్తుంది కాబట్టి వరుస మారినా ర్యాండమ్ అంకెలు మారవు. అందరూ తప్పేది ఒక్కచోటే: ఫైల్ పాత్‌ని మామూలు టార్గెట్‌గా ఇస్తారు. అప్పుడు అది చూసేది పాత్ అనే అక్షరాల్ని, లోపలి డేటాని కాదు. ఫార్మాట్ 'ఫైల్' అని చెబితేనే కంటెంట్ హ్యాష్ చూస్తుంది. ప్యాకేజీ వెర్షన్ మారితే కూడా తానుగా పట్టించుకోదు; దానికి లాక్ ఫైల్ వేరే ఉండాలి.

డీవీసీ మెషీన్ లెర్నింగ్ వైపు నుంచి వచ్చింది. స్టెప్పులు యామల్ ఫైల్‌లో, వాటి ఇన్‌పుట్ అవుట్‌పుట్ల ఎండీ5 హ్యాష్‌లు డీవీసీ లాక్ ఫైల్‌లో ఉంటాయి. డేటా వెర్షన్లు, పైప్‌లైన్ ఒకేచోట కావాలంటే బాగుంటుంది. వందల శాంపిల్స్ మీద సమాంతరంగా రన్ చేయాలంటే స్నేక్‌మేక్ ముందు తేలిపోతుంది.

ప్యాకేజీల లాక్

పైథాన్‌లో వేసిన ప్యాకేజీల జాబితా ఇచ్చే పిప్ ఫ్రీజ్ కొట్టి ఆ జాబితాని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో పోసి 'పని అయింది' అనుకోవడం సర్వసాధారణం. ఏమీ లేనిదాని కన్నా మేలే. కానీ అందులో పైథాన్ వెర్షన్ లేదు, మీరు కోరి పెట్టుకున్నవేవో వాటి వెంట వచ్చినవేవో తెలియదు, హ్యాష్‌లు లేవు. కాండా ఎన్విరాన్‌మెంట్ లోపల పిప్ ఫ్రీజ్ కొడితే ఇంకో వింత: కొన్ని వరుసల్లో వెర్షన్ అంకెకి బదులు ఆ ప్యాకేజీని బిల్డ్ చేసిన మెషీన్‌లోని ఫోల్డర్ పాత్ వస్తుంది. అలాంటి పాత్ ఇంకెక్కడా ఉండదు, ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది.

పైథాన్ మాత్రమే వాడుతుంటే యూవీ అనే ప్యాకేజీ మేనేజర్ ఇప్పుడు మొదటి ఎంపిక. మీరు కోరినవి పైప్రాజెక్ట్ టామల్ అనే ఫైల్‌లో, కచ్చితమైన వెర్షన్లు హ్యాష్‌లతో సహా యూవీ లాక్‌లో ఉంటాయి. ఒకే లాక్ ఫైల్ లినక్స్‌కీ, మ్యాక్‌కీ, విండోస్‌కీ పనికొస్తుంది. పైథాన్ వెర్షన్‌ని కూడా తానే తెచ్చుకుంటుంది. వేరేవాళ్ల మెషీన్‌లో సింక్ చేసేటప్పుడు లాక్డ్ ఆప్షన్ పెట్టించండి. టామల్‌కీ లాక్‌కీ పొంతన లేకపోతే గుట్టుగా కొత్త వెర్షన్లు తెచ్చుకోకుండా ఎర్రర్ ఇస్తుంది. ఇలాంటిదే అయిన పోయెట్రీతో ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్ట్ ఉంటే దాన్ని కదపక్కర్లేదు. పిప్ తప్ప ఇంకేదీ వాడనివ్వని చోట పిప్‌టూల్స్, హ్యాష్‌లు రాయించే ఆప్షన్‌తో.

జీడాల్, హెచ్‌డీఎఫ్5, గ్రాఫిక్స్ కార్డ్ మీద లెక్కలు నడిపే 'కూడా' (CUDA) లాంటి సిస్టమ్ లైబ్రరీలు కావాలంటే, లేదా పైథాన్, ఆర్ రెండూ ఒకేచోట కావాలంటే కాండా వైపు రావాలి. ఇక్కడ ఎన్విరాన్‌మెంట్ ఎక్స్‌పోర్ట్ రెండు రకాలుగా మోసం చేస్తుంది. మామూలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే బిల్డ్ స్ట్రింగులతో (ప్యాకేజీ ఏ బిల్డో చెప్పే గుర్తులతో) సహా వస్తుంది, లినక్స్‌లో తీసింది మ్యాక్‌లో ఎక్కదు. 'ఫ్రమ్ హిస్టరీ' అంటే మీరు అడిగినవే వస్తాయి. వెర్షన్ చెప్పకుండా అడిగి ఉంటే వెర్షన్ ఉండదు, పిప్‌తో వేసినవి అసలే ఉండవు. రెండింటికీ మధ్య మార్గం కాండాలాక్, లేదా ఏకంగా పిక్సీ. పిక్సీ మొదటి నుంచీ లాక్ ఫైల్‌తోనే పనిచేస్తుంది, అన్ని ప్లాట్‌ఫారాలకీ ఒకేసారి లెక్క కడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కాండాలాక్ దాకా వెళ్లకుండా నేరుగా పిక్సీ తీసుకోవచ్చు. ప్యాకేజీలు కాండాఫోర్జ్ ఛానెల్ నుంచి తెచ్చుకోండి. పెద్ద సంస్థల్లో అనకొండా వారి డిఫాల్ట్స్ ఛానెల్‌కి లైసెన్స్ డబ్బు కట్టాల్సి ఉంటుంది, ఆ సంగతి తర్వాత తెలిస్తే అంతా తిరగరాయాలి.

ఆర్‌లో ఎంపిక చిన్నది: ఆర్‌ఎన్వ్. ఇనిట్, స్నాప్‌షాట్, రిస్టోర్, మూడు కమాండ్లు. అది ఆర్ వెర్షన్‌ని రాసుకుంటుందే తప్ప తెచ్చిపెట్టదు. రిగ్ లాంటి టూల్‌తో ఆ వెర్షన్ మీరే పెట్టుకోవాలి. లినక్స్‌లో మూడేళ్ల నాటి లాక్‌ని రిస్టోర్ చేస్తే పాత ప్యాకేజీలు సోర్స్ నుంచి కంపైల్ అవుతాయి, కొత్త కంపైలర్ దగ్గర కొన్ని మొరాయిస్తాయి. పోజిట్ పబ్లిక్ ప్యాకేజ్ మేనేజర్‌లో తేదీతో కూడిన స్నాప్‌షాట్ చిరునామా ఇస్తే రెడీ బైనరీలు చాలావరకు దొరుకుతాయి. అయినా ఒకే సర్వర్‌ని నమ్ముకోకండి. మైక్రోసాఫ్ట్ నడిపిన ఎమ్‌రాన్ అనే ఇలాంటి స్నాప్‌షాట్ సర్వర్ 2023 జులైలో మూతపడింది; దాని మీద ఆధారపడ్డ, చెక్‌పాయింట్ ప్యాకేజీ వాడే స్క్రిప్టులు ఆ రోజుతో ఆగిపోయాయి.

కంటైనర్ ఎప్పుడు

లాక్ ఫైల్ ఉన్నా సిస్టమ్ లైబ్రరీలు కావాల్సి వచ్చినప్పుడు, క్లస్టర్‌కి తరలించాల్సినప్పుడు, ఏళ్ల తరబడి దాచాల్సినప్పుడు. అంతకుముందు అవసరం లేదు.

డాకర్‌తో వచ్చే పెద్ద భ్రమ, డాకర్‌ఫైల్ (ఇమేజ్‌ని ఎలా తయారు చేయాలో రాసిన ఫైల్) ఉంటే చాలు ఎప్పుడైనా అదే ఎన్విరాన్‌మెంట్ వస్తుందనుకోవడం. డాకర్‌ఫైల్‌లో ఆప్ట్ ఇన్‌స్టాల్ (డెబియన్ లాంటి లినక్స్‌లో ప్యాకేజీలు పెట్టే కమాండ్) అని ఉంటే అది బిల్డ్ చేసిన రోజు ఏది దొరికితే అది తెస్తుంది. గడువు తీరిన డెబియన్ వెర్షన్ల రిపోజిటరీలు కొన్నాళ్లకి ఆర్కైవ్ సర్వర్‌కి వెళ్లిపోతాయి, అప్పుడు బిల్డే ఆగిపోతుంది. నిలిచేది ఇమేజ్. కాబట్టి బేస్ ఇమేజ్‌ని ట్యాగ్‌తో (దానికి తగిలించిన పేరుతో) కాక షా256 డైజెస్ట్‌తో (దాని హ్యాష్‌తో) రాయండి, ఎందుకంటే లేటెస్ట్ ట్యాగే కాదు, 3.11 లాంటి ట్యాగ్ కూడా కొత్త ప్యాచ్ వచ్చినప్పుడల్లా ఇంకో ఇమేజ్‌కి మారుతుంది. బిల్డ్ అయిన ఇమేజ్‌ని డాకర్ సేవ్‌తో టార్ ఫైల్‌గా తీసి డేటా పక్కనే దాచండి. డాకర్‌ఫైల్‌లో ముందు లాక్ ఫైల్ కాపీ, ఆ తర్వాత ఇన్‌స్టాల్, చివర్లో కోడ్ కాపీ; ఈ వరుస తప్పితే కోడ్‌లో కామా మార్చినా ప్యాకేజీలన్నీ మళ్లీ దిగుతాయి. ఆర్ వాడేవాళ్లు రాకర్ ప్రాజెక్ట్ వారి వెర్షన్ అంకె ఉన్న ఇమేజ్‌లతో మొదలుపెట్టడం తేలిక.

క్లస్టర్లలో రూట్ అధికారం ఇవ్వరు కాబట్టి అక్కడ డాకర్‌కి బదులు యాప్‌టైనర్ ఉంటుంది. 2021 దాకా దాని పేరు సింగ్యులారిటీ. డాకర్ ఇమేజ్‌ని ఒకే ఎస్‌ఐఎఫ్ ఫైల్‌గా మార్చుకుంటుంది, దాచడానికి అదే సుఖం. దీనితో ఒక చిక్కుంది, కనిపెట్టడానికి రోజులు పడుతుంది. యాప్‌టైనర్ మీ హోమ్ డైరెక్టరీని డిఫాల్ట్‌గా కంటైనర్ లోపలికి తెస్తుంది. ఎప్పుడో పిప్ ఇన్‌స్టాల్ యూజర్ ఆప్షన్‌తో పెట్టుకున్న నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) హోమ్‌లోని లోకల్ ఫోల్డర్‌లో ఉంటే, రెండు పైథాన్ వెర్షన్లూ ఒకటే అయినప్పుడు, పైథాన్ కంటైనర్‌లోని దాన్ని వదిలి దాన్నే ముందు తీసుకుంటుంది. మీ దగ్గర ఒక జవాబు, అదే ఎస్‌ఐఎఫ్‌తో మీ సహోద్యోగి దగ్గర ఇంకో జవాబు. హోమ్ తీసుకురావద్దనే ఆప్షన్, ఎన్విరాన్‌మెంట్‌ని శుభ్రం చేసే క్లీన్‌ఎన్వ్ ఆప్షన్, రెండూ కలిపి వాడండి.

నిక్స్, గీక్స్ అనే ప్యాకేజీ మేనేజర్లు అన్నిటికన్నా కచ్చితమైనవి. కంపైలర్ దాకా ప్రతి ఆధారాన్నీ పిన్ చేస్తాయి. గీక్స్‌లో టైమ్ మెషీన్ కమాండ్‌తో ఒక పాత కమిట్ నాటి ప్యాకేజీల్ని అలాగే తెచ్చుకోవచ్చు. టీమ్‌లో ఒక్కరికైనా ముందే వచ్చి, వాళ్లు ఉద్యోగం మారే ఆలోచనలో లేకపోతేనే వీటి జోలికి వెళ్లండి.

డేటా ఎక్కడ

కొన్ని ఎంబీల సీఎస్‌వీలు నేరుగా గిట్‌లో ఉండొచ్చు. గిట్‌హబ్ 50 ఎంబీ దాటితే హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే తీసుకోదు. ఆ పైన అరుదుగా మారే కొన్ని పెద్ద ఫైళ్లకి, వాటిని విడిగా దాచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్. తరచూ మారే డేటాకి, సొంత స్టోరేజ్ ఉంటే డీవీసీ. వేలకొద్దీ ఫైళ్లున్న పరిశోధన డేటాకి డేటాలాడ్. డీవీసీలో అందరూ చేసే పొరపాటు ఒకటే: గిట్ పుష్ చేసి (సర్వర్‌కి పంపి) డీవీసీ పుష్ మరచిపోవడం. గిట్‌లో హ్యాష్ రాసిన చిన్న పాయింటర్ ఫైల్ ఉంటుంది, అసలు డేటా మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. పేపర్‌తో పాటు ప్రచురించే డేటాకి జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారం మంచిది, డీవోఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తుంది, ఒక రికార్డ్‌కి మామూలుగా 50 జీబీ దాకా తీసుకుంటుంది.

డేటాబేస్ నుంచి గానీ ఏపీఐ నుంచి గానీ తెచ్చేవాళ్లకి టూల్ కన్నా పద్ధతే ముఖ్యం. క్వెరీ దాచడం చాలదు, ఎందుకంటే రేపు అదే క్వెరీకి వేరే వరుసలొస్తాయి. వచ్చిన జవాబుని తేదీతో పార్కే ఫైల్‌గా దాచి, దాని షా256 హ్యాష్ రాసి, ఫైల్‌ని రీడ్ ఓన్లీ చేయండి. సీఎస్‌వీ కన్నా పార్కే ఎందుకంటే కాలమ్ రకాలు అందులోనే ఉంటాయి. సీఎస్‌వీలో 007 అనే ఐడీని పాండాస్ 7గా చదివేస్తుంది. ఎక్సెల్ సంగతి చెప్పనే అక్కర్లేదు: సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లని అది తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి 2020లో నామకరణ కమిటీయే ఆ జన్యువుల పేర్లు మార్చింది.

అన్నీ లాక్ చేసినా అంకెలు మారుతుంటే

ముందు వరుస చూడండి. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా ఏ వరుసలో వస్తుందో ఆపరేటింగ్ సిస్టమ్ హామీ ఇవ్వదు, పైథాన్ సెట్‌లోని స్ట్రింగుల వరుస ఒక రన్‌కీ ఇంకో రన్‌కీ మారుతుంది, ఆర్‌లో సార్ట్ ఫలితం లొకేల్‌ని (మెషీన్ భాష, ప్రాంతం సెట్టింగ్‌ని) బట్టి ఉంటుంది. జాబితా చదివిన ప్రతిచోటా సార్ట్ చేయడం, లొకేల్‌ని 'సీ' (C) అని పెట్టడం, ఈ రెండిటితోనే చాలా గొడవలు తీరతాయి.

తర్వాత సీడ్. సీడ్ పెట్టడం ఒక్కటే సరిపోదు, దాని వెనకున్న పద్ధతి కూడా మారుతుంది. ఆర్ 3.6.0లో, అంటే 2019లో, శాంపిల్ ఫంక్షన్ డిఫాల్ట్ పద్ధతి రౌండింగ్ నుంచి రిజెక్షన్‌కి మారింది. అదే సెట్ సీడ్, వేరే శాంపిల్. పాత ఫలితం కావాలంటే ఆర్‌ఎన్‌జీకైండ్‌లో శాంపిల్ కైండ్‌ని రౌండింగ్ అని చెప్పాలి. నంపైలో పాత ర్యాండమ్‌స్టేట్ అంకెల వరుస స్థిరంగా ఉంటుంది. 1.17లో వచ్చిన కొత్త జనరేటర్‌కి వెర్షన్లు దాటి ఆ హామీ లేదు. అయినా కొత్త కోడ్‌లో జనరేటరే వాడండి, నంపై వెర్షన్ లాక్‌లో ఉంటుంది కదా.

చివరి దశాంశ స్థానాల్లో తేడా అయితే దాన్ని వేటాడటం మానుకోవడం మేలు. ఫ్లోటింగ్ పాయింట్ కూడికలో వరుస మారితే ఫలితం మారుతుంది, పలు థ్రెడ్లు కూడినప్పుడు వరుస మారుతూనే ఉంటుంది, ఓపెన్‌బ్లాస్, ఎమ్‌కేఎల్ అనే లెక్కల లైబ్రరీలు రెండూ ఒకేలా కూడవు. థ్రెడ్లని ఒకటికి తగ్గిస్తే ఒకే మెషీన్‌లో నిలకడ వస్తుంది, వేగం పోతుంది. సాధారణంగా చేయాల్సింది ఫలితాల్ని ఒక సహన పరిమితితో పోల్చడం, ఉదాహరణకి సాపేక్ష తేడా కోటిలో ఒక వంతు లోపు. దానికన్నా పెద్ద తేడా వస్తే అది కూడిక గొడవ కాకపోవచ్చు, వెతకండి. పోల్చేటప్పుడు పీడీఎఫ్, ఎక్సెల్ ఫైళ్ల హ్యాష్‌లు చూడకండి. లోపల తయారైన సమయం ఉంటుంది కాబట్టి అవి ఎప్పుడూ కలవవు. అంకెలున్న సీఎస్‌వీని పోల్చండి.

ఏది తీసుకోవాలి

ఒక్కరే, చిన్న డేటా, పైథాన్: యూవీ లాక్, అంకెల పేర్లున్న స్క్రిప్టులు, ఒక 'రన్ ఆల్'. ఒక పూటలో అయిపోతుంది. ఆర్ అయితే ఆర్‌ఎన్వ్, టార్గెట్స్, క్వార్టో. ఈ మూడూ ఒకదానికొకటి బాగా అతుకుతాయి, ఆర్ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. ముగ్గురు నలుగురున్న టీమ్, రెండు భాషలు, గంటల తరబడి రన్: పిక్సీ, స్నేక్‌మేక్. స్నేక్‌మేక్‌కీ నెక్స్ట్‌ఫ్లోకీ మధ్య ఊగుతుంటే, టీమ్‌లో అందరికీ పైథాన్ వచ్చా, పని ఒకే క్లస్టర్ మీదేనా అని చూడండి. రెండిటికీ అవునంటే స్నేక్‌మేక్. క్లౌడ్ మార్చాల్సి వచ్చే పని, లేదా ఎన్‌ఎఫ్‌కోర్‌లో సిద్ధంగా ఉన్న పైప్‌లైన్ అయితే నెక్స్ట్‌ఫ్లో. మోడళ్లు, డేటా వెర్షన్లు వారం వారం మారే చోట డీవీసీ.

వీటిలో ఏది తీసుకున్నా, చిన్న నమూనా డేటా మీద మొత్తం పైప్‌లైన్‌ని ప్రతి పుష్‌కీ గిట్‌హబ్ యాక్షన్స్‌లో (పుష్ చేయగానే గిట్‌హబ్ తానే కోడ్ నడిపే సేవలో) రన్ చేయించండి. వెయ్యి వరుసలు చాలు, అయిదు నిమిషాల్లో అయిపోవాలి. రన్నర్‌ని (దాన్ని నడిపే మెషీన్‌ని) 'ఉబుంటు లేటెస్ట్' అని కాక వెర్షన్ అంకెతో పిలవండి, లేకపోతే అది మారిన వారం మీ తప్పేమీ లేకుండానే ఎర్ర గుర్తులు పడతాయి. కొత్త ఫోల్డర్ పరీక్షని మీ బదులు మెషీన్ రోజూ చేస్తున్నట్టు, పైగా దానికి మీ ల్యాప్‌టాప్‌లో ఏముందో తెలియదు.

అపరిచితుల కోసం, అయిదేళ్ల కోసం దాచేటప్పుడు పైవాటికి తోడు ఇమేజ్ టార్ గానీ ఎస్‌ఐఎఫ్ గానీ, ముడి డేటా, లాక్ ఫైల్, ఆశించిన ఫలితాల సీఎస్‌వీ, అన్నిటి షా256 జాబితా కలిపి ఒకే జెనోడో రికార్డ్‌లో పెట్టండి. ఇమేజ్ ఏ ప్రాసెసర్‌కి బిల్డ్ చేశారో రీడ్‌మీలో రాయండి. ఎం సిరీస్ మ్యాక్‌లో ఊరికే బిల్డ్ చేస్తే ఆర్మ్ ఇమేజ్ వస్తుంది, మామూలు ఇంటెల్ సర్వర్ మీద అది నడవదు. బిల్డ్ చేసేటప్పుడే ప్లాట్‌ఫారం లినక్స్ ఏఎమ్‌డీ64 (ఇంటెల్‌కీ ఇదే పేరు) అని చెప్పేస్తే ఆ తలనొప్పి ఉండదు.